వెనక గది మీద అంతస్తు

ఏప్రిల్ 6, ఆదివారం

తప్పంతా నాదేనంటున్నారు కాబట్టి శుక్రవారం ఉదయం ఏం జరిగిందో వరసగా రాసి పెట్టుకుంటున్నాను.

ఫజర్ నమాజు అయ్యాక కాసేపు తస్బీ తిప్పుకుంటూ కూర్చున్నాను. కరెంటు ఉంది. నీళ్ళు లేవు. వీధి చివర ట్యాంకరు హారన్ వినపడగానే మా మరదలు నజీరా బిందెలతో పరుగెత్తింది. అప్పటికే గేటు దగ్గర మా పెద్ద తమ్ముడు నాగూర్ వలి లుంగీ ఎగ్గట్టి ట్యాంకరు అతనితో తగువు పెట్టుకున్నాడు.

"ఏరా, పొదిలంతా తాగాక మిగిలినవి మాకు పోస్తావా?"

"మీ ఇల్లు చివరన ఉంది గదన్నా. ముందుకు జరుపుకో, ముందు పోస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. రోజూ ఇంతే. నేను పల్లీల పచ్చడి రుబ్బాను. మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎగదోసి వచ్చాను. నజ్మీన్ హాల్లో లాప్‌టాప్ పక్కన బోర్లా పడి నిద్రపోతోంది. ప్రాజెక్టు మొదలైన దగ్గర్నుంచి తమ్ముడి కూతురు మంచం మీద పడుకోవడం నేను చూడలేదు.

సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో మూడు వరసలుంటుంది. నాకు అర్థమైనంతలో, పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వెయ్యొచ్చో లేదో పరీక్ష పెట్టి చెప్పడం. పరీక్షకి ఊళ్ళో ఎవరూ తమ ఇల్లు ఇవ్వలేదు. "ఉన్న ఇంటిని సుత్తితో కొడతారా, మీకేం పోయేకాలం?" అని పంపేశారు. అందుకని మా ఇల్లు. ఈ వేసవిలో మా చిన్న తమ్ముడు ఇలియాస్ కోసం పైన అంతస్తు వెయ్యాలని ఎలాగూ అనుకుంటున్నాం. "కాలేజీ పనీ అవుద్ది, ఇంటి పనీ అవుద్ది" అన్నాడు నాగూర్ వలి.

అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. గోడల నిండా సుద్దతో గళ్ళు. గళ్ళలో అంకెలు. అక్కడక్కడ ప్లాస్టింగ్ గీకేశారు. వెనక నా గదిలో, నమాజుకి మొహం తిప్పే ఖిబ్లా వైపు గోడని కూడా వదల్లేదు. సిజ్దా నుంచి తల ఎత్తితే ఎదురుగా "సి-7".

శుక్రవారం నా గది కడుక్కుంటాను. ఈ గదిలోకి వచ్చిన నాటి నుంచీ అలవాటు. తడిగుడ్డతో గోడ కూడా తుడిచాను. గళ్ళు పోయాయి. హాయిగా అనిపించింది. దోసె తిని బడికి వెళ్ళాను. ఒంటిపూట బడి. మధ్యాహ్నం వచ్చేసరికి నజ్మీన్ నా గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

"పెద్దత్తా, మూడు రోజుల పని!"

"గోడ మురిగ్గా ఉంటే తుడిచాను."

"అది మురికి కాదు, గ్రిడ్డు!"

చేతిలో ఫోను, అందులో వాళ్ళ జట్టు పిల్లాడు శ్రీరామ్. "ఏడవకే బాబూ. వెనక గది ఎలాగూ మనం కొలవలా. ముందు వైపు పిల్లర్ల నంబర్లే అటూ ఇటూ మార్చి దీనికీ వేసేద్దామనుకున్నాంగా."

"స్పీకర్ ఆన్‌లో ఉంది" అంది నజ్మీన్.

శ్రీరామ్ ఫోను పెట్టేశాడు.

"మరి మూడు రోజుల పని ఏది?" అన్నాను.

నజ్మీన్ ఏడుపు ఆపింది. "గళ్ళు గీయడం" అంది.

"అయితే ఇప్పుడు కొలవండి" అన్నాను. అన్నది అంతే. దీనికి రెండు రోజులుగా ఇంటిల్లిపాదీ నన్ను చూసే చూపు వేరు. వైవా దగ్గర పడిందట, పిల్ల జీవితం నా తడిగుడ్డలో ఉందట.

నాకు కోపం లేదు.

ఏప్రిల్ 7, సోమవారం

మళ్ళీ గళ్ళు గీశారు. నమాజు చాప, జానమాజ్, హాల్లో వేసుకున్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

కాలేజీ నుంచి మెషీన్ తెచ్చారు. ఇస్త్రీపెట్టె అంత ఉంది. గోడ మీద జరుపుతూ పోతే లోపల ఇనప చువ్వ ఉన్నచోట కూత పెడుతుంది. ముందు హాల్లో పిల్లర్ల దగ్గర అది పెట్టిన కూతలకి నజీరా వంటింట్లోంచి వచ్చింది.

"ఏమే, దాని నోరు కాస్త మూయించండి."

"అది ఎంత అరిస్తే ఇల్లు అంత గట్టిదన్నట్టు ఆంటీ" అన్నాడు శ్రీరామ్.

"ఆ లెక్కన మా ఆయన్ని మించిన గట్టివాడు ఈ ఊళ్ళో లేడు."

తర్వాత నా గదికి వచ్చారు. వెనక రెండు మూలలూ కింది నుంచి పైదాకా జరిపారు. మెషీన్ నోరు విప్పలేదు. బ్యాటరీ అయిపోయిందేమోనని హాల్లోకి తీసుకెళ్ళి చూశారు. కూసింది. మళ్ళీ తెచ్చారు. కూయలేదు.

నజ్మీన్ ఉలి తీసుకుని మూలన ప్లాస్టింగ్ కొట్టింది. లోపల ఇటుక. ఇంకాస్త లోపలికి కొట్టింది. ఇంకో ఇటుక.

 శ్రీరామ్, "ఇప్పుడు ఇదంతా మళ్ళీ రాయాలా?" అన్నాడు.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ వెనక గోడ వెంట గొయ్యి తవ్వారు. పునాది ఎంత లోతుందో చూడాలట. తవ్విన చోట నా కరివేపాకు చెట్టు ఉంది. ఉండేది.

పునాది నజ్మీన్ మోకాలు దాటి కొంచెం, అంతే. అడుగున నల్లరేగడి. ఎండకి నోళ్ళు తెరిచి వానకి ఉబ్బే మట్టి. పత్తికి మంచిది, మిరపకి మంచిది. ఇంటికి కాదట.

పిల్ల నాకు విడమరిచి చెప్పింది. ముందు హాలు, రెండు గదులు పిల్లర్ల మీద నిలబడ్డాయి. మరుసటేడు కలిపిన నా గదికి పిల్లర్లు లేవు. ఇటుక గోడలు వాటి స్లాబు అవి మోసుకుంటున్నాయి. పైన ఇంకో అంతస్తు ఎక్కిస్తే గోడలు చీలతాయి, స్లాబు దిగుతుంది.

"ఎప్పటికి?" అన్నాను.

"అది చెప్పలేమత్తా. మొదటి వానలకే కావచ్చు. పదేళ్ళు పట్టొచ్చు."

మరి మేడ మీద ఆ రెండు మూలల్లోనూ పిల్లర్ చువ్వలు నిలబడి ఉన్నాయే! ముందు వైపు ఎలా ఉన్నాయో వెనకా అలాగే. ఇరవై ఏళ్ళుగా వాటికే తాడు కట్టి బట్టలారేస్తున్నాను. రేపు పైకి కట్టుకునేటప్పుడు పనికొస్తాయని ప్రతి వానాకాలం ముందూ నాగూర్ వలి వాటికి సిమెంటు పాలు పూయిస్తాడు, తుప్పు పట్టకుండా ఖాళీ సీసాలు బోర్లిస్తాడు.

సాయంత్రం కొట్టు మూసి వచ్చాడు. పరుపుల పని కదా, మీసాల్లో దూది. నజ్మీన్ చెప్పిందంతా విన్నాడు.

"పైన చువ్వలు కనపడట్లా?" అన్నాడు.

"పైన ఉన్నాయి నాన్నా. కింద లేవు."

"కింద లేకుండా పైకెట్లా వస్తయ్యే? చెట్టు ఎదురుగా పెట్టుకుని వేరు లేదంటావా?"

నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు ఆ ఒక్క మాట ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

గది కడిగాను. గోడ ముట్టుకోలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆదాం మేస్త్రీని పిలిపించారు. ఇల్లు కట్టింది అతనే, ఇప్పుడు అంతస్తు వెయ్యబోయేదీ అతనే. "బాగున్నావా మదార్‌బీ టీచరమ్మా" అని నన్ను పలకరించి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నా గది మూలన కొట్టిన చోట వంగి చూశాడు. ఇంకెవరో చేసిన పని చూస్తున్నట్టు చూశాడు.

"ఇటికే" అన్నాడు.

"ఇటికేనని మాకూ కనపడతంది. పిల్లర్ ఏది ఆదాం?" అన్నాడు నాగూర్ వలి.

"ఎయ్యని పిల్లరు ఎక్కణ్ణించి వస్తదన్నా?"

"మరి పైన చువ్వలు?"

ఆదాం మా తమ్ముడి వంక వింతగా చూశాడు. "నువ్వే గదా పెట్టమంటివి! ముందేమో చువ్వలు లేచి ఉండె, ఎనకేమో బోడిగా ఉండె. బజారు నుంచి చూస్తే ఈ ఇల్లు ఇంక ఎదగదనుకుంటారు, పెట్టు ఆదాం అంటివి. స్లాబులో జానెడు దిగేసి నిలబెట్టా."

"అట్లా పెట్టకూడదని చెప్పొద్దా నువ్వు?"

"చెప్పా. పైన కట్టేనాటికి చూద్దాంలే అంటివి."

నాగూర్ వలి గోడకి చేరగిలబడ్డాడు. మర్చిపోయాడో, మర్చిపోయానని అనుకున్నాడో. ఈ ఊళ్ళో చువ్వలు లేని మేడంటే తలపాగా లేని పెళ్ళికొడుకన్నట్టే చూస్తారు. నజీరా ఊరుకుంటుందా?

"నాకు గుర్తుంది. అప్పుడు మసీదు బజారంతా తిరిగి ఎవరింటి మీద ఎన్ని చువ్వలున్నాయో చూసొచ్చారుగా! కొప్పు లేని తలకి సవరం పెట్టించారన్నమాట."

నజ్మీన్‌కి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. నాగూర్ వలికి రాలేదు.

ఆదాం మాత్రం తొణకలేదు. "దీనికింత మీటింగు ఎందుకన్నా? గోడ మీదనే బీమేసి లేపుదాం. ఇట్టాంటియి ఎన్ని లేపలా నేను!"

"వాటిల్లో ఎన్ని నిలబడ్డాయి ఆదాం మావా?" అంది నజ్మీన్.

"నేను ఎనక్కి తిరిగి చూడనమ్మా. పనెక్కువ."

ఏప్రిల్ 14, సోమవారం

నాగూర్ వలి ఎవరితోనూ మాట్లాడటం లేదు. బట్టల తాడు వేరే చోట కట్టాను.

ఏప్రిల్ 17, గురువారం

ఇంకో తలనొప్పి. నజ్మీన్ వాళ్ళ థీసిస్‌లో చివరి మాట మార్చిలోనే రాసేశారట! "ఈ ఇల్లు అదనపు అంతస్తుకు అనువైనది" అని. కొలవక ముందే. జట్టులో ఇంకో పిల్ల హెలెన్ అది చక్కగా టైపు కూడా చేసింది. ఇప్పుడు మార్చాలంటే సగం పుస్తకం మార్చాలి. శ్రీరామ్ వద్దంటున్నాడు. వాళ్ళ గైడు త్యాగరాజు సార్‌కి ఫోన్ చేస్తే, "ఇరవై ఆరున వైవా. ఏది రాసినా సంతకం పెడతాను, ఏది రాసినా జవాబు మీరే చెప్పుకోవాలి" అన్నాడట. పెద్దమనిషి.

నజ్మీన్ నా దగ్గరికి వచ్చింది. నేను మూడో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను.

"ఏం చెయ్యను పెద్దత్తా?"

"బడిలో జవాబు ముందు రాసి లెక్క తర్వాత చేసినవాళ్ళకి చెవి మెలేస్తాను" అన్నాను.

పిల్ల చెవి చూపించింది. మెలేశాను. లేచి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది.

ముగ్గురూ మా హాల్లోనే మకాం. టీ, బిస్కెట్లు, వైర్లు. కాలు పెట్టే చోటు లేదు. నమాజుకి నిలబడితే వెనక నుంచి శ్రీరామ్, "ఈ సాఫ్ట్‌వేర్ మళ్ళీ హ్యాంగ్ అయిందే" అని ఏడుపు. దువాలో వాడి సాఫ్ట్‌వేర్ కోసం కూడా అడిగాను. వాడి కోసం కాదు, నా చెవుల కోసం.

ఏప్రిల్ 20, ఆదివారం

చీమకుర్తి నుంచి ఇలియాస్ వచ్చాడు. అక్కడ గ్రానైటు బండలు లారీలకి ఎక్కించే చోట సూపర్‌వైజరు. మేస్త్రీ ద్వారా సంగతి తెలిసినట్టుంది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, అంతస్తు ఎయ్యకూడదని పుస్తకం రాయించావంట?"

"నేను రాయించేదేందిరా? పిల్ల కాలేజీది."

"పిల్ల ఎవరి పిల్ల? ఇన్నేళ్ళూ లేని లోపం నా వంతు వచ్చేసరికి వచ్చిందా?"

"ఒరేయ్, నోరు!"

"రోజూ ముప్పై టన్నుల బండలు లారీ మీదికి ఎక్కిస్తా నేను. రెండు గదుల బరువు నాకు చెప్తారా?"

"లారీకి చక్రాలుంటాయి బాబాయ్" అంది నజ్మీన్ లోపల్నుంచి. "ఈ గదికి ఏమున్నాయి?"

"విన్నావా? చదువు చెప్పించి మరీ తయారు చేశావు."

కింద పెద్దవాడికి, పైన చిన్నవాడికి అని నాన్న పోయేముందు చెప్పాడు. నాగూర్ వలి ఏనాడూ కాదనలేదు. ఇలియాస్, వాడి భార్య నస్రత్, ఇద్దరు పిల్లలు ఇన్నేళ్ళూ బండల దుమ్ములో అద్దె ఇంట్లో ఉన్నదీ ఈ మాట మీదే. నాగూర్ వలికి ఇల్లు కూలుతుందంటే భయం లేదు. తమ్ముడి వాటా తిన్నవాడు అంటారంటే ఉంది. మొహం నల్లబడింది.

"వచ్చే నెలలో పని మొదలు పెట్టిస్తా. పిల్ల పుస్తకం పిల్లది, నా మాట నాది."

"ఆ గదిలో వదిన ఉంటుందిగా, మరి వదినో?" అంది నజీరా.

"అక్కకేం? అక్క సర్దుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క మాట అందా?"

"మా అక్క బంగారం" అన్నాడు ఇలియాస్.

అన్నదమ్ములిద్దరికీ ఇవాళ కుదిరిన మాట అదొక్కటే. నేను వంటింట్లో మజ్జిగ చిలుకుతున్నాను. గిన్నె చేతిలోంచి జారింది.

ఏప్రిల్ 21, సోమవారం

నాకు కోపం లేదు. ఆ గది నా కోసమే కలిపారు. మా ఆయన పోయి నేను తిరిగి వచ్చిన ఏడాది, అడక్కుండానే కలిపాడు నాగూర్ వలి. అది మర్చిపోకూడదు.

వంటింట్లో మజ్జిగ వాసన ఇంకా పోలేదు.

ఏప్రిల్ 26, శనివారం

వైవా అయిపోయింది. నాగూర్ వలి తెల్లచొక్కా వేసుకుని కూతురితో పాటు కాలేజీకి వెళ్ళాడు. బయట బెంచీ మీద కూర్చున్నాడట. బయటి కాలేజీ నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చిన సారు, "సొంత ఇంటికే మార్కులు తక్కువ వేసిన పిల్లని మొదటిసారి చూస్తున్నా" అని నవ్వి, ఆమె తండ్రి ఎవరో చూడాలని లోపలికి పిలిపించాడట. చెయ్యి కలిపాడట.

ఆ చెయ్యి ఇంటికొచ్చాక కూడా నాగూర్ వలి కడుక్కున్నట్టు లేదు. స్వీట్లు తెచ్చాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాల పుస్తకం నా చేతిలో పెట్టి, "చూడక్కా, మనింటి ఫోటోలు కూడా ఉన్నాయి" అన్నాడు. ఉన్నాయి. నా గది మూల, ఇటుకలతో సహా, రంగుల్లో.

పుస్తకాన్ని కొట్టుకి తీసుకెళ్ళాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించాడని నజీరా చెప్పింది.

"మా అమ్మాయి రాసింది. పాత ఇంటి మీద అంతస్తు వెయ్యొచ్చా లేదా అని."

"వెయ్యొచ్చంటనా?" అని పక్క కొట్టాయన అడిగాడట.

"అదంతా ఇంగ్లీషులో ఉందిలే" అన్నాడట మా తమ్ముడు.

ఏప్రిల్ 29, మంగళవారం

గేటు ముందు ఇసుక దిగింది. లారీ వెనక్కి వస్తుంటే నాగూర్ వలి చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నాడు. ఇంకో చంకలో ఆ పుస్తకం. లారీ అతనికి కూడా చూపిస్తాడేమో.

బడికి సెలవులు. ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అడిగాను.

"పుస్తకం చదివావా?"

"నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చక్కా?"

"నీ కూతురికి తెలుగు వచ్చు."

వాడు ఇసుక వంక చూశాడు. "నువ్వు కూడా నన్ను మాట తప్పమంటావా?"

లోపలికి వచ్చి సాయంత్రపు అసర్ నమాజు చదివాను. ఎన్ని రకాతులయ్యాయో మర్చిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. మళ్ళీ మర్చిపోయాను.

కోపం లేదు. ఎండ.

మే 1, గురువారం

నజ్మీన్ నా గుమ్మంలో కూర్చుంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి తలకి నూనె పెట్టించుకుంది.

"అయిపోయింది పెద్దత్తా" అంది.

"ఊ."

"ఒక పుస్తకం లైబ్రరీకి, ఒకటి డిపార్ట్‌మెంటుకి ఇచ్చాం. అక్కడ బీరువాలో పాత ప్రాజెక్టులు వందలున్నాయి. దుమ్ము. మాది కూడా అందులో పెట్టి తాళం వేశాడు అటెండరు. ఆరు నెలలు దీనికోసమా అనిపించింది."

జడ పాయలు తీస్తూ ఉన్నాను.

"అక్కడ అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడికొస్తే గేటు ముందు ఇసుక. పాత నంబర్లే ఉంచేసుంటే అవే మార్కులొచ్చేవి. ఇంట్లో గొడవా ఉండేది కాదు. బాబాయ్ నాతో మాట్లాడేవాడు."

ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చదువు చెబుతున్నాను.  ఆ పూట చేతనైంది జడ. బిగించి వేశాను.

"నువ్వు హాల్లో పడుకో పెద్దత్తా. పని మొదలైతే ఆ గదిలో ఉండొద్దు" అంది.

సరే అన్నాను. నా గదిలోనే పడుకున్నాను. అలవాటు.

మే 4, ఆదివారం

పని మొదలుపెట్టే రోజు ఖాయం చేసుకోవడానికి ఇలియాస్, నస్రత్, పిల్లలు మధ్యాహ్నమే వచ్చారు. అసర్ తర్వాత అందరం హాల్లో కూర్చున్నాం. ఆదాం కూడా వచ్చాడు. గురువారం మంచిదన్నారు. పైన మెట్లు ఎటు పెట్టాలి, వంటిల్లు ఎటు రావాలి, నస్రత్‌కి కిటికీ ఎక్కడ కావాలి. నజ్మీన్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్లని ఎవరూ కూర్చోమనలేదు. ఆమె రాసిన పుస్తకం టీవీ మీద, గుడ్డ కప్పి, ఖురాన్ పక్కన పెట్టినంత భద్రంగా ఉంది.

అది చూసేసరికి కోపం వచ్చింది. వచ్చిందని రాస్తున్నాను.

"ఒక మాట" అన్నాను.

అందరూ ఆగారు. నేను మాట్లాడటం వాళ్ళకి కొత్త.

"అంతస్తు వెయ్యండి. పైన నేనుంటాను. కింద నా గది ఇలియాస్‌కి. పిల్లల మంచాలు ఆ మూలన వేసుకోండి."

"మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కుతావా అక్కా?" అన్నాడు నాగూర్ వలి.

"ఎక్కుతాను."

"నాకు కింద గది ఎందుకక్కా, నా వాటా పైన..." అన్నాడు ఇలియాస్.

"వాటా నీదే. పడుకునే చోటు మాత్రం మార్చుకుందాం. ఈ రాత్రికే సామాను మారుస్తాను."

నస్రత్ చిన్నవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. "ఆ గదిలో నా పిల్లల్ని పడుకోబెట్టను" అంది.

"ఎందుకమ్మా?"

నస్రత్ మొగుడి వైపు చూసింది. ఇలియాస్ నేల వైపు చూశాడు.

"నువ్వు పడుకుంటున్నావుగా అక్కా, నీకు లేని..." అని మొదలుపెట్టాడు నాగూర్ వలి. తన మాట తనకే వినపడ్డట్టుంది. ఆగిపోయాడు. మీసం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.  

ఇలియాస్ గుమ్మం దగ్గర నజ్మీన్ వైపు తిరిగాడు. ఏప్రిల్ ఇరవై తర్వాత ఆ పిల్లతో వాడు మాట్లాడటం ఇదే.

"ఏమ్మా, ఎయ్యకూడదనే రాశావా? ఎక్కడ ఎయ్యొచ్చో కూడా రాశావా?"

"రాశాను బాబాయ్. చివరి చాప్టరంతా అదే" అంది నజ్మీన్. "ఎవరూ అడగలా."

ఇన్ని రోజులుగా గొడవ. ఎవరూ అడగలేదు. పేపర్లు దిద్దుకుంటూ, మజ్జిగ చిలుక్కుంటూ, నమాజు చదువుకుంటూ, నేనూ అడగలేదు.

"చెప్పు" అన్నాడు నాగూర్ వలి. కూతురి వైపు చూడకుండా అన్నాడు.

నజ్మీన్ సుద్దముక్క తెచ్చి హాల్లో నేల మీద గీసింది. కడిగిన నేల. అయినా గీయనిచ్చాను. ముందు పిల్లర్లు గట్టివి, మెషీన్ కూసినవి. వాటి మీద రెండు గదులు, వంటిల్లు వేసుకోవచ్చు. వెనక గదిని ఇటుక మిగలకుండా తీసేసి, నల్లరేగడి దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వి, అక్కణ్ణించి పిల్లర్లు లేపాలి. ఇలియాస్ వంగి, "ఈ గీత మెట్లా?" అని అడిగాడు. నస్రత్ కిటికీ సంగతి అడిగింది. నజీరా, "ఆ మూల నా గ్రైండరు పడుతుందా చూడు" అంది. ఆదాం తల గోక్కుని, "అంత లోతంటే నీళ్ళొస్తయ్యేమో" అన్నాడు. "రావు మావా, చుట్టుపక్కల బోర్ల లెక్క చూశాం" అంది నజ్మీన్. ఎవరి గీత ఎవరు తొక్కుతున్నారో తెలియకుండా నలుగురూ నేల మీద చేరారు.

ఈ సాయంత్రం అనుకున్నవి ఇవి. పైన ముందు భాగం మాత్రమే, అది ఇలియాస్‌కి. అది తయారయ్యేదాకా వాళ్ళు చీమకుర్తిలో ఉండరు, వచ్చే వారమే ఇక్కడికి వచ్చేస్తారు. నా గది వానలు పడేలోపు కూల్చి కొత్తగా కడతారు. అప్పటిదాకా నేను నజ్మీన్‌తో పాటు ముందు గదిలో ఉంటాను. పిల్ల గురక పెడుతుంది, అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొకటి. ఆదాం వెళ్ళబోతుంటే నాగూర్ వలి పిలిచి ఆపాడు. "గొయ్యి తవ్వాక మా అమ్మాయి దిగి చూస్తుంది. తను సరేనంటేనే కాంక్రీటు పొయ్యి. నేను పొయ్యమన్నా పొయ్యొద్దు" అన్నాడు. ఇది వాడి నోటితో వాడే అన్నాడు, నేను అందివ్వలేదు. రేపు అననేలేదంటాడని తారీఖుతో సహా రాసి పెట్టుకుంటున్నాను.